ఎమ్మిగనూరు మొదటి లాటు

నాలుగు నెలలుగా వాదిరాజయ్య దుకాణంలో ఏ పనీ చేయడం లేదు. ఆ సంగతి దాచడానికి పడుతున్నన్ని పాట్లు ఆయన పని చేసిన రోజుల్లో కూడా పడలేదు.

ఆయన ఆదోనిలో లక్ష్మీనారాయణ శెట్టిగారి పత్తి దుకాణానికి పెద్ద గుమాస్తా. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే దుకాణం, కిటికీ పక్కన అదే బల్ల. ఇన్నేళ్లలో కూడికలో ఒక్క తప్పు చేయలేదని మార్కెట్ యార్డు అంతా ఆయనకు పేరు. ఎవరైనా ఆ మాటంటే అబ్బే అదేం లేదంటాడు గానీ, ఇంకోసారి అంటారేమోనని కాసేపు అక్కడే నిలబడతాడు. రోజూ ఆయన చేసే పనుల్లో పెద్దది సాయంత్రం రిపోర్టు. ఆదోనిలో ఎన్ని లాట్ల పత్తి కొన్నారు, ఎమ్మిగనూరు దుకాణంలో ఎన్ని కొన్నారు, బరువెంత, సగటు రేటెంత, రైతులకు ఇచ్చిందెంత, ఇవన్నీ ఒక్క కాగితం మీదికి ఎక్కించి అయిదింటికల్లా శెట్టిగారి చేతిలో పెట్టాలి. శెట్టిగారు టీ తాగుతూ దాన్ని చూసి మర్నాటి రేటు నిర్ణయించుకుంటారు. యార్డు జాబితాలో అంకెలు తీసుకొచ్చి ఒక పట్టికలో వేసి, అందులోంచి ఇంకో పట్టికలోకి మార్చి, కాలిక్యులేటరు మీద సరిచూసి, అదే సంగతి బ్యాంకుకు ఒక తీరుగా, ఆడిటరుకు ఇంకో తీరుగా మళ్లీ కొట్టేసరికి పొద్దు వాలిపోయేది.

జూన్ నెలలో ఒక ఆదివారం, మిగిలిపోయిన పనిని ఇంటికి తెచ్చుకుని వరండాలో కూర్చుని చేసుకుంటున్నాడు. కోడలు శ్రీరక్ష కాఫీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి పది నిమిషాలు చూసింది. ఆ అమ్మాయి హైదరాబాదులో పుట్టి పెరిగింది, ఇక్కడ డిగ్రీ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. రోజూ ఇలాగే చేస్తారా మామయ్యా అని అడిగింది. రోజూ ఇలాగే, ముప్పై ఏళ్లుగా ఇలాగే అన్నాడాయన, కొంచెం గొప్పగానే. ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని, ఆయన చేసే ఒక్కో పనినీ మెల్లిగా ఒకసారి చేసి చూపించమంది. ఆయన చేసి చూపించిందంతా లాప్‌టాప్‌కు నేర్పింది. అక్కడక్కడ ఏదో దిద్ది, చివరికి పట్టిక మూలన ఆకుపచ్చ బటన్ ఒకటి పెట్టి, దాని మీద రిపోర్టు అని రాసింది.

వాదిరాజయ్య నొక్కాడు. తెర రెండుసార్లు మినుకుమంది. అర నిమిషంలో మూడు రిపోర్టులూ వచ్చి కూర్చున్నాయి. దీన్ని మాక్రో అంటారు మామయ్యా అంది కోడలు. ఆయన ఇంకోసారి నొక్కాడు, మళ్లీ వచ్చాయి. కాలిక్యులేటరు తీసుకుని గంటన్నరసేపు ఒక్కో అంకెనూ సరిచూశాడు. పైసా తేడా లేదు. మొదట సంతోషం కలిగింది. సంతోషం వెనకనే భయం వచ్చి కూర్చుంది. ఒక బటన్ చేసే పనికి తనకు నెలకు ఇరవై ఆరు వేలు ఎవరిస్తారు? యాభై తొమ్మిదేళ్ల వయసులో ఇంకో దుకాణం మెట్లెక్కి పని అడగడం ఆయన వల్ల కాదు. అందుకని మర్నాడు దుకాణానికి వెళ్లగానే ఆయన చేసిన మొదటి పని ఆ ఆకుపచ్చ బటన్‌కు తెల్ల రంగు వేయడం. అది ఎక్కడుందో ఆయనకు తప్ప దేవుడికి కూడా తెలియదు.

అప్పటి నుంచి మొదలయ్యాయి పాట్లు. యార్డు జాబితా పన్నెండింటికి వస్తుంది. పన్నెండూ ఒక నిమిషానికి రిపోర్టు తయారు. ఇక అయిదింటి దాకా కూర్చోవాలి. ఉత్తినే కూర్చుంటే తెలిసిపోతుంది. అందుకని ఖాళీ పట్టిక ఒకటి తెరిచి టకటకా కొట్టేవాడు. మొదటి వారం ఆదోని నుంచి గుంతకల్లు దాకా స్టేషన్ల పేర్లు కొట్టాడు. అవి త్వరగా అయిపోయాయి. తర్వాత చుట్టాల పేర్లు మొదలుపెట్టి, మేనత్త తోడికోడలి అన్నదమ్ముల దాకా వెళ్లాడు. మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తీసి నుదురు నొక్కుకోవడం, ఒకసారి నిట్టూర్చడం. హమాలీ ఎవరైనా టీ తెస్తే, చూడకుండానే అక్కడ పెట్టమని చేయి ఊపడం. నాటకం మరీ బాగా రక్తి కట్టింది. ఆగస్టులో శెట్టిగారు వచ్చి, మీకు పని భారం ఎక్కువైనట్టుంది, సాయానికి ఒక మనిషిని పెట్టమంటారా అని అడిగారు. ఏమీ లేని పనిలో సాయానికి వచ్చినవాడు ఏం చేస్తాడు? వద్దు, ఎలాగో నెట్టుకొస్తానన్నాడు వాదిరాజయ్య. ఆ మాటకు శెట్టిగారు కరిగిపోయి మెత్తటి కుర్చీ ఒకటి కొనిచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ఆయనకు నిజంగానే నడుం నొప్పి వచ్చేది.

దసరా వెళ్లగానే పత్తి సీజను మొదలై ఎమ్మిగనూరు దుకాణం తెరిచారు. అక్కడ కొనుగోళ్లు చూసే మనిషి దుర్గప్ప. ఆయన కూడా ఇరవై ఏళ్లకు పైగా పాత మనిషే. బ్యాంకులో డబ్బు తీసి, కాటా వేయించి, రైతు చేతికి అక్కడికక్కడే ఇచ్చి పంపిస్తాడు. పోయినేడు దాకా ఆయన చేత్తో రాసిన చీటీ బస్సు కండక్టరు చేతి మీదుగా ఆదోనికి వచ్చేది. ఈ ఏడు ఆయనకూ ఒక లాప్‌టాప్ ఇచ్చారు. ఒంటి వేలితో కొట్టి రోజూ మూడింటికి పంపిస్తున్నాడు. వాదిరాజయ్య దాన్ని తెరవను కూడా తెరవడు. కోడలు ముందే నేర్పి పెట్టింది కాబట్టి మాక్రోనే తెరుస్తుంది, తీసుకుంటుంది, కూడుతుంది.

పందొమ్మిది రోజులు గడిచాక బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. శెట్టిగారు దాన్నీ రిపోర్టులనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, వాదిరాజయ్యను లోపలికి పిలిచారు. ఎమ్మిగనూరులో దుర్గప్ప రైతులకని తీసిన డబ్బుకూ, రిపోర్టు ప్రకారం అక్కడ కొన్న పత్తి విలువకూ పది లక్షల అరవై నాలుగు వేలు తేడా ఉంది. అన్ని రూపాయలు ఎక్కువ తీశాడు, అంత పత్తి మాత్రం రిపోర్టులో లేదు. గోదాములో కొలిపిద్దామా అంటే, కుప్పగా పోసిన పత్తిని కొలవడం అయ్యే పని కాదు. శెట్టిగారి గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. ఇరవై ఏళ్ల మనిషి ఇలా చేస్తాడనుకోలేదన్నారు. రేపు పొద్దున ఇద్దరం వెళ్దాం, మీ రిపోర్టులన్నీ తీసుకోండి అన్నారు.

వాదిరాజయ్య బల్ల దగ్గరికి వచ్చి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి నిజంగా పని చేశాడు. దుర్గప్ప పంపిన పట్టికలు తెరిచాడు. మొదటి రోజుది చూడగానే విషయం కళ్లకు కట్టింది.

ఈ ప్రాంతంలో కాటా వేసేవాళ్లు మొదటి తూకాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. దుర్గప్ప నోటితో అన్నట్టే చేత్తో రాస్తాడు, చేత్తో రాసినట్టే ఈ ఏడు కంప్యూటరులో కొట్టాడు. ప్రతి పట్టికలోనూ మొదటి లాటు ఎదురుగా లాభం అని ఉంది, దాని కింద రెండు, మూడు అంకెల్లో. ఆదోని జాబితా యార్డు వాళ్ల కంప్యూటరు నుంచి వచ్చేది కాబట్టి అందులో అన్నీ అంకెలే. కాలేజీలో ఉన్న కోడలికి ఫోను చేశాడు. మొదటి గడిలో అంకె ఉన్న వరుసలనే కూడమని చెప్పాను మామయ్యా, అక్షరాలుంటే అది శీర్షిక అనుకుని వదిలేస్తుంది అందామె. అంటే రోజుకొక లాటు చొప్పున పందొమ్మిది లాట్లు లెక్కలోకే రాలేదు. దుర్గప్ప పైసా ముట్టలేదు. కోడలు నొచ్చుకుంది, ఒకటిని లాభం అంటారని తనకెలా తెలుస్తుందంది, సాయంత్రం రెండు నిమిషాల్లో సరిచేస్తానంది.

మాక్రోను సరిచేయడానికి రెండు నిమిషాలు చాలు. శెట్టిగారికి ఏం చెప్పాలన్నదే తెలియలేదు. తప్పు నాది, నేనే ఒక వరుస చూసుకోలేదంటే సరిపోతుందా? ముప్పై ఒక్క ఏళ్ల పేరు పోతుంది, పోనీ. ఉద్యోగమైనా మిగులుతుంది. ఈ ఆలోచనతో ధైర్యం తెచ్చుకుని, శెట్టిగారు ఇంటికి బయలుదేరబోతుంటే గుమ్మంలో ఆపి, కూడికలో నా పొరపాటేమోనని అనుమానంగా ఉంది అన్నాడు.

శెట్టిగారు ఆయన్ను చూసి జాలిగా నవ్వారు.

"తప్పా? మీరా? స్వామీ, ఇన్నేండ్ల స్నేహం కదా, ఆ దుర్గప్పను కాపాడాలని సూస్తాండారు. మీ మంచితనం నాకు తెలుసు. వానికోసం మీ పేరు పోగొట్టుకోవద్దండి."

అంతే. ఇన్నాళ్లూ ముచ్చటపడి పెంచుకున్న పేరే ఇప్పుడు దారికి అడ్డం వచ్చి నిలబడింది. పట్టికలు చూపించి నమ్మిద్దామా అంటే అదీ కుదరదు. ఆదోని యార్డులో పుట్టి పెరిగిన మనిషి లాభం అన్న వరుసను చూసి కూడా వదిలేశాడంటే ఎవరు నమ్ముతారు? ఒక రోజు వదిలితే పొరపాటు. పందొమ్మిది రోజులు వదిలితే, ఆ పట్టికలు తెరిచి చూసిన మనిషే లేడని అర్థం. అబద్ధం చెప్పడానికి ఎక్కడా సందు లేదు. నిజమైనా చెప్పాలి, నోరైనా మూసుకోవాలి.

మర్నాడు పొద్దున కారులో ఎమ్మిగనూరు చేరేదాకా ఆయన నోరు మూసుకునే ఉన్నాడు. ఒడిలో లాప్‌టాప్ సంచి. దారి పక్కన చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది, ఏరే మనుషులు మాత్రం అక్కడొకరు ఇక్కడొకరు. ఊళ్లోకి వెళ్లేసరికి బస్టాండు దగ్గర ఆటోల మధ్య కారు ఇరుక్కుని కాసేపు ఆగింది. ఇక్కడే దిగి పారిపోతే ఎలా ఉంటుందా అని కూడా వాదిరాజయ్య ఆలోచించాడు. ఈ వయసులో ఎంతో దూరం పరిగెత్తలేనని గుర్తొచ్చి మానుకున్నాడు.

దుర్గప్ప దుకాణం ముందు కాటా వేయిస్తున్నాడు. సావుకారును చూసి తలపాగా సర్దుకుంటూ ఎదురొచ్చాడు. వెనక వాదిరాజయ్య కనబడగానే ఆయన ముఖం విప్పారింది. ఎందుకో కాళ్ల నుంచి తల దాకా ఒకసారి పరీక్షగా చూసి, అమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. ఆ చూపు వాదిరాజయ్యకు అర్థం కాలేదు.

శెట్టిగారు కూర్చోకుండానే బ్యాంకు కాగితం తీసి చూపించారు. ఇంత తీశావు, ఇంతే కొన్నావు, మిగతాది ఎక్కడ అని అడిగారు. హమాలీలు చేతిలో గోనె బోరాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. దుర్గప్ప కాగితం వంక చూశాడు, కొన్నదంతా పంపిన లెక్కలో ఉందన్నాడు. స్వామి రిపోర్టులో లేదు, స్వామి లెక్క తప్పదు అన్నారు శెట్టిగారు. ఆ మాటకు దుర్గప్ప ఇక వాదించలేదు. వాదిరాజయ్య లెక్క తప్పదని ఆయన కూడా నమ్మాడు. మొలతాడుకు కట్టుకున్న గోదాము తాళంచెవులు విప్పి, బల్ల మీద పెట్టాడు.

"లెక్క సామిది అయితే తప్పు నాదే అయ్యుంటాది. యాడ పోయినాదో నాకు తెలీదు సావుకార్. నేనయితే తినలేదు."

వాదిరాజయ్యకు తన ఉద్యోగం, ఇరవై ఆరు వేలు, మెత్తటి కుర్చీ, ఏదీ గుర్తు రాలేదు. ఆ తాళంచెవులను చూడలేక నోరు తెరిచాడు.

"ఆ రిపోర్టు నేను చేయలేదు శెట్టిగారూ. నాలుగు నెలల నుంచి ఒక్క రిపోర్టూ నేను చేయలేదు."

శెట్టిగారికి అర్థం కాలేదు. వాదిరాజయ్య లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి, తెల్లటి పట్టికలో తెల్లటి మూలన వేలు చూపించి, నొక్కాడు. తెర మినుకుమంది. అందరి కళ్ల ముందే మూడు రిపోర్టులు వచ్చి కూర్చున్నాయి. హమాలీల్లో ఒకరు ఇంకోసారి నొక్కమన్నారు. వాదిరాజయ్య, దుర్గప్ప పంపిన పట్టిక తెరిచి మొదటి వరుస చూపించాడు. శెట్టిగారు వంగి, లాభం, రెండు, మూడు అని పైకి చదివారు. ఈ వరుసను మనిషి వదలడని ఆయనకూ వెంటనే తెలిసింది. తర్వాత మెల్లిగా నడుం ఎత్తి అడిగారు.

"అయితే పొద్దన్నుంచి సాయంత్రం దాకా ఆ టకటకా సప్పుడేంది స్వామీ?"

"చుట్టాల పేర్లు" అన్నాడు వాదిరాజయ్య. ఉత్తినే కూర్చోవడం పని చేయడం కంటే కష్టంగా ఉండిందని కూడా చెప్పాడు. హమాలీలు పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నారు. శెట్టిగారు నవ్వలేదు. తాళంచెవులు తీసుకుని దుర్గప్ప ముందు పట్టుకుని, నాదే తప్పు, నిన్ను అనుమానించినానన్నారు. దుర్గప్ప ఆ తాళంచెవుల వంక చూడలేదు. ఆయన కళ్లు ఇంకా తెర మీదనే ఉన్నాయి.

"అంటే సామీ, నేను కడాన రాసిండేవి కూడా మీరు సదవలేదా?"

కడాన ఏం రాశాడు? మాక్రో తీసుకునేది లాటు, బరువు, రేటు, డబ్బు, అంతవరకే. వాదిరాజయ్య పట్టికను కుడివైపుకు జరిపాడు. అన్నిటికంటే చివరన ఇంకో గడి ఉంది. అందులో దుర్గప్ప ఒంటి వేలితో కొట్టిన మాటలు, రోజుకొక వరుస. పోయినేడు దాకా మూడింటికి చీటీ అందగానే వాదిరాజయ్య ఫోను చేసి అంకెలు సరిచూసుకునేవాడు. అంకెలు రెండు నిమిషాలు, వాన, పంట, కాటా దగ్గర విన్న కబుర్లు ఒక పది నిమిషాలు. ఈ ఏడు అంకెలు వాటంతట అవే వస్తున్నాయి, ఫోను ఆగిపోయింది. ఫోనులో చెప్పేవన్నీ దుర్గప్ప ఈ గడిలో రాశాడు.

శెట్టిగారు కూడా పక్కకు వచ్చి చదివారు. మొదటి రోజు, సామీ బోణీ బాగుంది, సావుకారుకు చెప్పండి అని ఉంది. నాలుగో రోజు, కోసిగి పక్క జనం ఈసారి ముందే వలస పోతాండారు, పత్తి ఏరేవాళ్లు లేరు, సరుకు తగ్గుతాది, రేటు పెరుగుతాది, ఇప్పుడే కొనమని చెప్పండి అని ఉంది. శెట్టిగారు అక్కడ ఆగారు. ఆ వారమే రేటు పడుతుందనుకుని ఆయన కొనుగోళ్లు తగ్గించారు, తర్వాత క్వింటాలుకు మూడు వందలు ఎక్కువ పెట్టి కొన్నారు. పోయినేడు దాకా సాయంత్రం రిపోర్టు ఇస్తూ వాదిరాజయ్య మాటల్లో మాటగా చెప్పే సంగతులు ఎక్కడి నుంచి వచ్చేవో ఆయనకు ఇప్పుడు తెలిసింది. ఆయన వాదిరాజయ్య వైపు తిరిగి, కూడేది ఈ మిషనే కూడనీ, జీతం సంగతి ఆదోనిలో మాట్లాడదాం, మీరు మాత్రం మూడింటికి ఫోను చేయండి అన్నారు. ఇంకో రోజైతే ఆ మాటకు వాదిరాజయ్య ప్రాణం కుదుటపడేది.

ఇప్పుడు ఆయనకు ఆ మాట వినబడనే లేదు. కింది వరుసలు చదువుతున్నాడు. తొమ్మిదో రోజు, సామీ ఫోను లేదు, జవాబు లేదు, ఒంట్లో బాగుండాదా అని ఉంది. పన్నెండో రోజు, లారీ డ్రైవరును అడిగినా, దుకాణానికి వస్తాండారు, తల ఎత్తకుండా పని చేస్తాండారు అన్నాడు, అంత పని చేయొద్దండి అని ఉంది. పదహారో రోజు, మీ పేరు మీద మంత్రాలయానికి కొబ్బరికాయ పంపించినా అని ఉంది. దాని తర్వాత మూడు రోజులూ అదే గడిలో ఒక్కటే మాట. బాగుండారా సామీ. బాగుండారా సామీ. బాగుండారా సామీ.

ముప్పై మైళ్ల దూరం కూడా లేని ఊళ్లో ఒక మనిషి, వాదిరాజయ్య బతికున్నాడో లేడోనని దిగులు పడుతుంటే, తాను మేనత్త తోడికోడలి అన్నదమ్ముల పేర్లు కొడుతూ కూర్చున్నాడు. అంత సిగ్గు ఆయనకు ఎప్పుడూ వేయలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, చివరి వరుస పక్కన మెల్లిగా కొట్టాడు. ఒళ్లు బాగుంది దుర్గప్పా. సిగ్గుగా ఉంది.

దుర్గప్ప తెర దగ్గరికి వంగి, కళ్లు చికిలించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. తర్వాత శెట్టిగారి చేతిలోంచి తాళంచెవులు తీసుకున్నాడు.

"ఇంగ ఇట్ల రాయొద్దండి సామీ. నాకు కండ్లు కానరావు. ఫోనులోనే సెప్పండి."